ముందు నువ్వు నవ్వాలి

అమ్మకి,

నీ టపాకాయ దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా, నా కోపం కూడా కులాసా. అక్కడ నువ్వూ నాన్నా, మీ ఇద్దరి మోకాళ్ళూ క్షేమంగా ఉన్నాయని అనుకుంటున్నాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు రాసేస్తాను, లేకపోతే మర్చిపోయానని మళ్ళీ ఉత్తరం రాస్తావు. వేళకి తింటున్నాను. దుప్పటి చాలుతోంది. నాతో గదిలో ఉండే నర్సు మంచి మనిషి. నిద్రలో రోగుల్ని కసురుతుంది, అంతే. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని నాకు నచ్చింది. ఫోర్‌మన్‌తో గొడవ పెట్టుకోలేదు కదా అన్నావు. పెట్టుకున్నాను. కాని అమ్మా, న్యాయం నా వైపే ఉంది. "న్యాయం నీ వైపు లేనిదెప్పుడే?" అని నువ్వనడం ఇక్కడిదాకా వినబడింది.

ఇక ఉత్తరం చివర, సంతకం కూడా అయిపోయాక, జాగా చాలనట్టు అంచున ఇరికించి ఒక్క మాట రాశావు. "ఆ ఊళ్ళో మనకి తెలిసినవాళ్ళెవరైనా కనబడ్డారా?" అని.

ఈ ఊళ్ళో మనకి తెలిసిన మనిషి ఒక్కడే. ఆయన మాట మనింట్లో ఎత్తకూడదు. పత్రికలో ఆయన తీసిన ఫొటో పడితే ఆ కాగితం తీసుకెళ్ళి అల్మారా అరలో పరుస్తావు, బొమ్మ కిందికి వచ్చేట్టు. పారేయవు మాత్రం. చిన్నప్పుడు నాకది అర్థమయ్యేది కాదు.

కనబడ్డాడమ్మా. నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. ప్రేమతో కాదు, పోట్లాడటానికి.

సంగతేమిటంటే, ఇక్కడి పెద్ద చిత్రశాలలో నీ తమ్ముడి జీవితకాలపు ఫొటోలన్నీ ప్రదర్శనకి పెడుతున్నారు. ఊరంతా గోడల మీద కాగితాలు అంటించారు. దేశాన్ని నవ్వించిన ఫొటో బాబు అని రాశారు. నేను చేరిన కార్మిక సంఘంలో అందరం ఒంటికాలి మీద లేచాం. కష్టపడేవాణ్ణి చూసి నవ్వించడం కళ ఎలా అవుతుందని, దీని మీద కరపత్రం వెయ్యాల్సిందేనని తీర్మానించాం. రాసే పని నేనే మీద వేసుకున్నాను. "ప్రజల మీద నవ్వే కెమెరా" అని పేరు పెట్టాను. నేను చదివిన చిన్న పుస్తకాలన్నిటిలోంచి పదునైన మాటలు ఏరి ఏరి పెట్టాను. సంఘంలో వాళ్ళకి తెలియంది ఒకటుంది. నాకు సొంత కోపం కూడా ఉంది. "వాడు నన్ను దేశమంతటికీ నవ్వులపాలు చేశాడు" అని నువ్వు ఒకే ఒక్కసారి, కూర తరుగుతూ, నాన్నతో అన్నావు. నేను తలుపు వెనక ఉన్నాను. అప్పటినుంచీ అది నాలో రగులుతూనే ఉంది.

ఆయన ఉండేది తాళంచెవులు చేసే కొట్టు మీది గదిలో. మెట్లెక్కుతుంటే కింద ఆకురాయి గీస్తున్న చప్పుడు పళ్ళలోకి దిగుతుంది. తలుపు కొట్టాను. తెరిచాడు. చొక్కా ఒంటి మీదే ఉంచుకుని దానికి గుండీ కుట్టుకుంటున్నాడు.

"అక్క కూతురివి కదూ?" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"తలుపు కొట్టిన తీరు. మా అక్క కూడా తలుపేదో తప్పు చేసినట్టే కొడుతుంది."

నేను నవ్వలేదు. గది నిండా తీగల మీద ఫొటోలు ఆరబెట్టిన బట్టల్లా క్లిప్పులకి వేలాడుతున్నాయి. వాటి మధ్య నిలబడి కరపత్రం మొదలు నుంచి చివరిదాకా గట్టిగా చదివాను. సూది పెదాల మధ్య పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. అయిపోయాక సూది తీసి, "బాగుంది. ఆవేశం ఉంది. 'దోపిడీ' కాస్త ఎక్కువైంది, కూరలో ఉప్పులాగ. కాని నా పని చూడకుండా రాశావు తల్లీ. తిట్టు కూడా గురి చూసి కొట్టాలి. నాతో కొన్నాళ్ళు తిరుగు, అప్పుడు ఇంకా బాగా తిట్టొచ్చు" అన్నాడు.

తిరిగాను. ప్రెస్సులో పని అయ్యాక, సెలవు రోజుల్లో, ఆయన సంచి మోస్తూ. బాగా తిట్టడానికే.

అమ్మా, ఆయన బొమ్మల గురించి నీకు చెప్పాలి. అల్మారాలో బోర్లా పరిచినవాటిని నువ్వు దొంగచాటుగా చూసే ఉంటావు, అయినా చెబుతాను. వంతెన ప్రారంభోత్సవంలో పెద్దమనిషి చేతిలో కత్తెరకి రిబ్బను తెగదు. జనంలోంచి ఒక దర్జీ తన కత్తెరతో ముందుకొచ్చి రిబ్బను మీదికి వంగుతాడు. చుట్టూ ఉన్న అధికారులందరూ ఆపరేషన్ చూస్తున్నట్టు ఊపిరి బిగబట్టి ఉంటారు. జనాభా లెక్కలవాడి ముందు ఒక కుటుంబం ఎత్తు వారీగా వరసలో నిలబడుతుంది. వరస చివర మేక కూడా అంతే బుద్ధిగా నిలబడి ఉంటుంది. గాలికి ఎగిరిపోతున్న సంగీతం కాగితాల్ని బూట్లతో తొక్కిపట్టి, ఆ వంకర భంగిమల్లోనే బాకాలు ఊదుతున్న బ్యాండువాళ్ళు. జెండా దించాక ఇద్దరు జవాన్లు దాన్ని దుప్పటి మడతపెట్టినట్టు మడతపెడుతుంటారు, ఒకడు అంచుని గడ్డం కింద అదిమిపెట్టి.

"పండగ పూట దేశం ఫొటోకి నిలబడుతుంది. నేను జెండా మడతపెట్టే వేళకి వెళ్తాను" అంటాడు.

అవి చూసి మొదట పళ్ళు బిగబట్టాను. నవ్వితే ఓడిపోయినట్టే కదా.

నన్ను ఓడించింది బొమ్మలు కాదు, ఆ తరవాత ఆయన చేసే పని. ఏ ఫొటో అయినా సరే, పత్రికకి ఇచ్చేముందు, గోడకి తగిలించేముందు, అందులో ఉన్న మనిషి దగ్గరికి స్వయంగా తీసుకెళ్తాడు. వాళ్ళు చూసి నవ్వితేనే ఆ బొమ్మ బయటికొస్తుంది. నవ్వకపోతే ఫొటో, ఫిల్ము ముక్క, రెండూ వాళ్ళ చేతిలో పెట్టి దండం పెట్టి వచ్చేస్తాడు. ఎంత గొప్ప బొమ్మైనా అంతే.

కూడలిలో విగ్రహం కడిగే ఆవిడ దగ్గరికి వెళ్ళాం. ఫొటోలో ఆవిడ నిచ్చెనెక్కి ఆ మహానుభావుడి చెవి పట్టుకుని, బడికెళ్ళే పిల్లాడికి రుద్దినట్టు చెవి వెనక సబ్బుతో రుద్దుతోంది. ఆవిడ ఫొటోని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"నా జడేంటి ఫొటో బాబూ, ఎలక తోకలా వచ్చింది?"

"ఉన్నదే వచ్చిందమ్మా."

"నోర్ముయ్. మా ఆయన కూడా ఇంత మాటనలేదు." మళ్ళీ చూసింది. పెదవి వణికింది. "దేశాన్నంతా నడిపించాడంటారు, చెవి వెనక చూడు ఎంత మట్టో!" అని నిచ్చెన పట్టుకుని కూలబడి నవ్వింది. పక్కన పూలమ్మేవాళ్ళనీ, పోలీసునీ పిలిచి చూపించింది. తన ఫొటోకి తనే జనాన్ని పోగేసింది. ఆవిడ మీద ఎవరైనా నవ్వుతున్నారంటే నాకు కోపం రావాలి కదా. ఎవరి మీద కోపం తెచ్చుకోనమ్మా? అందరికంటే ఎక్కువ నవ్వుతున్నది ఆవిడే.

ఇంకో రోజు ఒక ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి గుమాస్తా "పౌరుడా, మేలుకో" అన్న గోడపత్రం కింద బల్ల మీద తల వాల్చి నిద్రపోతుంటే తీసిన ఫొటో అది. తడి ముద్ర మీద పడుకున్నాడేమో, చెంప మీద "అందినది" అని అచ్చు పడింది. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదీ బొమ్మంటే! ప్రభుత్వాన్ని చెంప మీద కొట్టే బొమ్మ!

గుమాస్తా చూశాడు. నవ్వలేదు. చెంప తడుముకున్నాడు, ఇంకా అక్కడ సిరా ఉందేమోనన్నట్టు. మావయ్య సంచిలోంచి ఫిల్ము ముక్క తీసి ఆయన చేతిలో పెట్టి, "ఇక ఇది మీది" అని వచ్చేశాడు.

మెట్ల మీదే ఆయన్ని నిలదీశాను. "జనం పని ఎగ్గొట్టి నిద్రపోయేవాణ్ణి దాచిపెడతారా? ఇదేనా మీ నిజాయితీ?"

"ఎందుకు నిద్రపోయాడో నీకు తెలుసా?"

"మీకు తెలుసా?"

"తెలీదు. నవ్వనివాడి వెనక ఏదో ఉంటుంది. అదేమిటో బొమ్మలో పడదు."

"ఇలా ఎన్ని మంచి బొమ్మలు పారబోసుకున్నారు? ఎప్పటినుంచీ ఈ వ్రతం?"

"రెండో ఫొటో నుంచి."

"మరి మొదటిది?"

ఆయన మెట్లు దిగిపోయాడు. నేను సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మొదటిది నువ్వే కదమ్మా.

ఆ సాయంత్రమే చిత్రశాలకి తీసుకెళ్ళాడు. ఫొటోలన్నీ తగిలించేశారు. గుమ్మం ఎదుటి గోడ మాత్రం ఖాళీ, మధ్యలో ఒక్క మేకు. నిర్వాహకుడు చేతులు నలుపుకుంటూ వచ్చి, "అయ్యా, దేశమంతా ఎరిగిన బొమ్మ అది. దాంతోనే మీకు పేరొచ్చింది. అది లేకుండా ఎలా తెరవమంటారు?" అన్నాడు. "అది నవ్వని బొమ్మండీ. తగిలించడానికి వీల్లేదు" అన్నాడు మావయ్య.

అసలు సంగతి నాకు చెప్పింది తిరిగొచ్చేటప్పుడు. తాతయ్య స్టూడియోలో లైటు పట్టుకునేదానివట నువ్వు. "వాడికి కెమెరా ఇస్తే పాడు చేస్తాడు" అని తాతయ్య అంటే, ఇవ్వాల్సిందేనని అన్నం మానేసి పోట్లాడింది నువ్వేనట. ఆ కెమెరాతో బయట తీసిన మొదటి బొమ్మ పత్రిక మొదటి పేజీలో పడేసరికి, అక్క చూసి మురిసిపోతుందని పరుగున ఇంటికి తెచ్చాడట. నీకు చూపించకముందే నిన్ను దేశానికి చూపించాడు. మర్నాడు క్లాసులో నీ బల్ల మీద పిల్లలు ఒంటి చెప్పు పెట్టారనీ, నిన్ను ఒంటిచెప్పు టీచరమ్మ అన్నారనీ, నువ్వు ఊరే మార్చుకున్నావనీ ఆయనకి తరవాత తెలిసింది. ఒకసారి మన ఊరికి కూడా వచ్చాడటమ్మా. మన వీధి కుళాయి దాకా వచ్చి, లోపల నువ్వు ఎవరికో పాఠం చెబుతున్న గొంతు విని, మొహం చెల్లక వెనక్కి తిరిగాడట.

నాకు కోపమొచ్చింది. ఈసారి మీ ఇద్దరి మీదా.

"ఆ బొమ్మ నాకు చూపించండి" అన్నాను. నేనెప్పుడూ చూడలేదు కదా. మనింట్లో లేని కాగితం అదొక్కటే.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టి, నర్సుకి కాళ్ళు నొప్పులంటే నీళ్ళు కాచిపెట్టి, మళ్ళీ కూర్చున్నాను. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. దాటెయ్యలేకపోతున్నాను.

నవ్వానమ్మా.

కవాతు. కొత్తగా తారు పోసిన వీధి, మండే ఎండ. నీ వెనక నీ క్లాసు ఆడపిల్లలు. నీ చెప్పు తారులో అంటుకుపోయి ఉంది. నువ్వు దాన్ని వదిలేసి, ఒక కాలు చెప్పుతో, ఒక కాలు ఒట్టిగా, చెయ్యి నుదుటికి ఆనించి ముందుకి సాగిపోతున్నావు. పిల్లలందరూ ఆ చెప్పుని తొక్కకుండా గంభీరంగా అటూ ఇటూ విడిపోయి నడుస్తున్నారు. అందరికంటే చివరున్న చిన్న పిల్ల, పళ్ళు ఊడిన పిల్ల, ఏమనుకుందో ఏమో, ఆ చెప్పుకే సెల్యూట్ చేస్తోంది. ఆ పిల్లని చూసి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. పోట్లాడటానికి వచ్చినదాన్ని ఆయన గదిలో నేల మీద కూర్చుని నవ్వాను. మావయ్య నవ్వలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు నీ మెడ చూశాను. అంత వేడి తారు మీద ఒట్టి కాలు పెట్టి, ఆ మెడ వెంట్రుకవాసి వంగలేదు. నువ్వాగితే వెనక వరస చెదిరిపోతుందని నీకు తెలుసు. నాకిప్పుడు నీకంటే చిన్న వయసేం కాదు, ఆ ఫొటోలో నీకంటే. నీ అంత నిటారుగా నడవడం నాకు రాదు.

సంఘంలో కరపత్రం రాయనని చెప్పేశాను. ద్రోహివన్నారు. నేనూ రెండన్నాను. మావయ్యతో నా పేచీ ఇంకా తీరలేదు, కంగారుపడకు. యజమానుల బొమ్మలు తక్కువున్నాయని రోజూ పోట్లాడుతున్నాను. "వాళ్ళు నవ్వరే, ఏం చెయ్యను?" అంటాడు. దాని మీద కరపత్రం రాస్తాను.

ఈ కవరులో రెండు అట్టల మధ్య నీ ఫొటో ఉంది. దాని వెనక ఫిల్ము ముక్క కూడా ఉంది, ఇంకో ప్రతి తియ్యడానికి వేరే ఫిల్ము లేదు. పంపుతానంటే ఆయనే అట్టలు కత్తిరించి ఇచ్చాడు. స్వయంగా తేవడం ఆయన నియమం కాబట్టి పోస్టు డబ్బా దాకా ఆయన్నే నడిపించి, ఆయన చేత్తోనే వేయిస్తున్నాను. కుళాయి దగ్గర ఆగినవాడు ఇంతకంటే దూరం రాలేడు.

నవ్వు రాకపోతే రెండూ నీవే. కాల్చేసినా ఎవరూ అడగరు, గోడ మీద మేకు మేకులాగే ఉంటుంది. నాకోసమని నవ్వకు, నిజంగా వస్తేనే నవ్వు. ముందు నువ్వు నవ్వాలి, తరవాతే దేశం. అప్పుడు జరగనిది అదే కదా.

వస్తే మాత్రం జవాబు నాకు రాయొద్దు. చిరునామా కింద ఇస్తున్నాను. తాళంచెవుల కొట్టు పైన. ఇక రోజూ పోస్టు రావడానికి ముందే ఆయన మెట్ల మీదికొచ్చి కూర్చుంటాడు.

ఇట్లు,
నీ టపాకాయ,
నీ తమ్ముడికి మేనకోడలు.