రాహుకాలానికి ముందు తీసిన సీసా

శుక్రవారం, 6-8-2004
బయోటిన్ వచ్చేసింది! మూడు నెలల ఎదురుచూపు... చూస్తే బొటనవేలంత సీసా. దీన్ని జీడిపప్పు ప్రొటీన్‌కి అంటించగలిగితే ఆ ప్రొటీన్ ఎక్కడున్నా రంగుతో పట్టుకోవచ్చు. కాలేజీలో సార్ ప్రాజెక్టంతా దీనిమీదే. ఫ్రీజర్లోంచి తీసి బొట్టు పెట్టాను. టైము పదీ ఇరవై. పదిన్నరకి రాహుకాలం.
"అక్కా, సీసా ఇంకా సల్లగుంది. అరగంట ఆగమని కాయితంలో ఉంది కదా," అంది ల్యాబులో నాకు సాయం చేసే ఆదిలక్ష్మి.
ఊరుకోమన్నాను. మూత తీశాను.

సోమవారం, 9-8
రంగు రాలేదు. చిన్న మచ్చయినా లేదు.

మంగళవారం, 10-8
మళ్ళీ చేశాం. లేదు.
చల్లటి సీసా తెరిస్తే గాలిలో తేమ లోపలికి చేరుతుంది. తేమ తగిలిన బయోటిన్ ఇక దేనికీ అంటదు. ఎమ్మెస్సీ చదివినదాన్ని, తెలియక కాదు... ముహూర్తం మిగిలింది, మందు పోయింది.

గురువారం, 12-8
సార్ మండిపడ్డారు. ప్రొటీన్ కరిగించడానికి ట్రిస్ బఫర్ వాడావా అని ఆదిలక్ష్మిని నిలదీశారు — ట్రిస్ అయితే బయోటిన్‌ని ప్రొటీన్ దాకా పోనివ్వదు, తనే తగిలించుకుంటుంది. ఆమె వాడింది ఫాస్ఫేట్ బఫరే. నేను పక్కనే ఉన్నాను. ఆమె తలొంచుకుంది. నేను బీకరు కడుగుతున్నాను. కడిగిన బీకరే మళ్ళీ కడిగాను.
రేపటినుంచి రావద్దన్నారు ఆమెని.

శుక్రవారం, 13-8
తన సామాను తీసుకోవడానికి వచ్చింది ఆదిలక్ష్మి. నర్సీపట్నం బస్టాండు దాకా వెళ్ళాను. నక్కపల్లిలో దిగాక ఇంట్లో ఏం చెబుతుందో... తండ్రి చేపల వేటకెళితేనే గడిచే ఇల్లు. నిజం ఎందుకు చెప్పలేదే అని అడిగాను.
"ఈ పనిలో నన్నెట్టింది నువ్వే కదక్కా. నీ మీదెలా సెప్తాను?"
సార్‌కి ఇమ్మని ల్యాబు నోట్‌బుక్ నా చేతిలో పెట్టి బస్సెక్కింది. సిగ్గుతో చచ్చిపోయాను.

శనివారం, 14-8
నోట్‌బుక్ తెరిచాను. ఆరో తేదీ పేజీ. గుండ్రటి అక్షరాలు — "10.20. సీసా చల్లగా ఉండగానే తెరిచాం." దాన్ని ఒక్క గీతతో కొట్టేసింది. కింద, "బఫర్‌లో పొరపాటు నాదే."
సోమవారం సార్‌కి ఇవ్వాలి. గీత వెనక మాటలు చక్కగా చదవొచ్చు, కానీ కొట్టేసినవి సార్ చదవరు.
పక్కన కాస్త ఖాళీ ఉంది. నా పేరు పట్టేంత. పెన్ను మూత తీశాను.
మళ్ళీ మూత పెట్టేశాను.