లక్క తూకం

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈసారి మామిడి పూత మాడిపోయింది. ఎవరూ వేసుకోని నీ లావు బంగారు గాజులు అమ్ముదామని పొద్దున్నే రెడ్డిగూడెం నుంచి నూజివీడు బస్సెక్కాను.

"లోపల నింపిన లక్కకి తూకంలో నాలుగు గ్రాములు తీసేద్దామండీ," అన్నాడు బంగారం షాపాయన.

అంచనాకి ఒప్పుకోవద్దని నువ్వు ఎన్నిసార్లు చెప్పావు!

"కుదరదండీ. గాజులు కోసి, లక్క తీసి, బంగారమే తూయండి."

కత్తెర పడగానే నా చెయ్యి అడ్డం వెళ్ళింది. వెనక్కి లాక్కున్నాను.

లక్క రెండు గ్రాములే తూగింది. సరైన ధరే వచ్చింది.

"ఇది పారేయమంటారాండీ?"

"వద్దు, పొట్లం కట్టండి."

ఇంటికొచ్చి గంటయినా కాళ్ళు కడుక్కోలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి మూడుసార్లు లేచాను. లక్క ముక్కల్లో నీ గాజుల వంపు అలాగే ఉంది. వీటిని ఎక్కడ పెట్టాలో మాత్రం నువ్వు చెప్పలేదు.