వైసులో ఉండిపోయిన అట్లకాడ

ఏవండీ,

ఇవాళ మీ వైసు తిరిగిందండి.

మీరు పోయిన ఏడే కొల్లేటి నీళ్లు మన ఆకివీడు ఇంటి పెరటి పాకలోకి వచ్చాయి. నీళ్లు తీసేసరికి మీరు సామాను కదలకుండా పట్టించే బల్లమీది ఇనప వైసు తుప్పుతో బిగుసుకుపోయింది. చెయ్యి కాలుతోందన్నానని కర్ర పిడి వేసి, నున్నన చేస్తూ మీరు సగంలో వదిలేసిన నా అట్లకాడ దాని దవడల మధ్యే ఉండిపోయింది. తీయడానికి నాకు మనసొప్పలేదు, వైసుకీ ఒప్పలేదు.

చిన్నల్లుడుగారు తాడేపల్లిగూడెంలో సైకిళ్లు బాగుచేసే కొట్టు పెడుతున్నారు. మీ ఆకురాళ్లూ సుత్తులూ ఏరుకుని, వైసు దగ్గర ఆగారు.

"సుత్తితో ఒక్కటేస్తే వదిలేస్తుందండీ అత్తయ్యగారూ."

"వద్దు బాబూ. మీ మావయ్యగారు తుప్పుని కొట్టనిచ్చేవారు కాదండి. చేతికి గాజు ఎక్కించినట్టు మెల్లగా తిప్పమనేవారు."

కిరసనాయిలు పోసి నాననిచ్చి, ఆముదం రాసి, కాస్త ముందుకీ కాస్త వెనక్కీ తిప్పగా తిప్పగా ఈ ఉదయం కీచుమంటూ కదిలింది. అట్లకాడ నా చేతిలోకి జారింది. దాని రేకంతా తుప్పే. పిడికి అటూ ఇటూ మీరు పాత చెప్పుతోలు అడ్డం పెట్టారు కదా, ఆ కర్రమీద మాత్రం ఒక్క గాటూ పడలేదండి.

వైసు అల్లుడుగారికి ఇచ్చేశాను. తోలుముక్కలు కూడా ఇచ్చి, అవెందుకో చెప్పాను.

అట్లకాడ తోమిచ్చి, పిడికి గరుగ్గా ఉన్న పక్క కూడా నున్నన చేస్తానన్నారు. అలాగే ఉండనివ్వమన్నాను. సాయంత్రం దానితోనే అల్లుడుగారికి మినపట్లు వేశాను.

చెయ్యి కాలలేదండి.