డోరతీ గారి ముత్తాత కట్టిన బడి

శాన్ రామన్, 12 మే 2009

సరోజక్కా,

నా జ్వరం పూర్తిగా తగ్గింది, కంగారుపడకు.

పక్కింటి డోరతీ గారికి ఎనభై ఆరేళ్లు. ఆవిడ ముత్తాత ఇంగ్లండులో ఒక పల్లెకు బడి కట్టిన ఆర్కిటెక్టు. నూట నలభై ఏళ్ల ఆ బడిని కూల్చబోతున్నారని, ఆయన కాగితాలేమైనా ఉంటే పంపమని ఊరివాళ్లు ఆవిడకు రాశారు. ఇద్దరం ఆవిడ గరాజ్‌లో వెతికి ఆయన గీసిన ప్లాన్లు తీశాం, నేను స్కాన్ చేసి పంపాను. అవి చూపించి, అది కాపాడుకోవాల్సిన పాత కట్టడమని ఒప్పించి వాళ్లు కూల్చివేత ఆపించారు. నిన్న ఫోన్ చేసి, "మీరు మా ఊరి మనిషి, ఒకసారి రండి" అన్నారట. ఎన్నడూ ఆ ఊరు చూడని ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "బిందూ, తోడు వస్తావా?" అని ఏడ్చేశారు.

జూన్‌లో తీసుకెళ్తున్నాను. మీ దగ్గరికి జూలైలోనే రాగలను, కోప్పడకు. బావగారి కాలి కట్టు విప్పారా? చరిత పరీక్షలు ఎలా రాసింది? దానికి నా ముద్దులు. ఆ బడి మెట్ల మీద డోరతీ గారిని కూర్చోబెట్టి ఫోటో తీసి పంపిస్తాను.

నీ చెల్లెలు,
బిందుమాధవి