కాపీలో దిద్దిన తప్పు

మార్చి 4, మంగళవారం

మరదలు ఫోన్ చేసింది. మూడేళ్ల తర్వాత విన్నాను ఆమె గొంతు. తమ్ముడికి గొంతులో ఆపరేషన్ అయిందట, ఇక మాట రాదట. డాక్టర్లు వారాల్లో లెక్క చెబుతున్నారట. అంతా చెప్పి, ఆయన అన్ని మెయిల్స్ రాస్తే ఒక్కదానికైనా జవాబివ్వలేదేం వదినా అని అడిగింది.

ఏ మెయిల్స్? ఒక్కటీ రాలేదన్నాను. ప్రతి ఆదివారం పొద్దున కూర్చుని రాసేవాడట. ఫోన్ చేస్తే మాటామాటా పెరుగుతుందని భయమట. ఏం రాశాడో ఆమెకూ చూపించలేదట. అది అక్క తేల్చాల్సిన విషయం అనేవాడట.

నాకు ఒళ్లు మండింది. పెళ్లాం ముందు మంచివాడు అనిపించుకోవడానికి అబద్ధం చెప్పి ఉంటాడు అనుకున్నాను. సిగ్గులేకుండా రాసి పెడుతున్నాను, అలాగే అనుకున్నాను.

మార్చి 5, ఉదయం 6

అమ్మ ఆపరేషన్‌కి సంతకం పెట్టింది నేను. వద్దన్నది వాడు. అమ్మ టేబుల్ మీదే పోయింది. వారం తిరక్కుండా, అందరి ముందూ, అమ్మని నువ్వే చంపావన్నాడు. నా గడప తొక్కకు, ఫోన్ చెయ్యకు అన్నాను. వాడు పౌరుషం ఉన్నవాడు, చెయ్యలేదు. నేను వాడికి అక్కని.

మార్చి 6

నేను మెయిల్ చదివేది నల్ల స్క్రీన్ మీద. బొమ్మలుండవు, మౌస్‌తో పనుండదు, కమాండ్లు టైప్ చెయ్యడమే. ప్రెస్‌లో ప్రూఫులు దిద్దుకునేదాన్ని, నాకు అక్షరాలు చాలురా అంటే, పదేళ్ల కిందట తమ్ముడే పెట్టి ఇచ్చాడు. వాడి ఉద్యోగమే సర్వర్లతో. కాన్ఫిగ్ ఫైల్లో ప్రతి సెట్టింగుకీ పైన నాకోసం ఒక కామెంట్ రాశాడు. అక్కా, ఇది పోర్టు నంబరు, దీని జోలికి రాకు. అక్కా, ఇది టైమౌట్, సర్వర్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పేది, నీ ఓపిక తెలిసే పది సెకన్లు పెట్టాను.

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను.

పాస్‌వర్డ్ సరిగానే ఉంది. సర్వర్ కనెక్ట్ అవుతోంది. ఆఫీసు నుంచి నాకు నేనే ఒకటి పంపుకున్నాను, వచ్చింది. మరదల్ని వాడి అడ్రస్ నుంచి ఒకటి పంపమన్నాను. పంపానంది. రాలేదు. మళ్లీ పంపానంది. రాలేదు.

మార్చి 7, ఉదయం 9

వచ్చిన మెయిల్‌ని ఎటు పంపాలో చెప్పే ఫిల్టర్ ఫైలు వేరే ఉంది. ఈరోజు అది తెరిచాను. చివర్లో వాడి కామెంట్. అక్కా, లాటరీ వాళ్ల అడ్రసులు ఈ కింద రాయి, నేరుగా డెవ్ నల్‌కి పోతారు, అది అడుగులేని గొయ్యి, అందులో పడింది నేను కూడా తియ్యలేను.

కింద ఏడు లాటరీ అడ్రసులు. ఎనిమిదోది తమ్ముడిది.

నేనే రాశాను, గొడవైన సాయంత్రం. కానీ తెల్లారే తీసేశాను. ఒట్టు, తీసేశాను.

అదే రోజు, మధ్యాహ్నం

నేను ఆ లైను తీసేసిన ఫైలు దొరికింది. ఏ సెట్టింగు ముట్టుకున్నా ముందు కాపీ తీసుకో అక్కా అని వాడు చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. ఆరోజు బుద్ధిగా కాపీ తీసుకున్నాను. దిద్దింది కాపీలో. ప్రోగ్రాం చదివేది అసలు ఫైలుని. ముప్పై ఏళ్లుగా లోకంలో అందరి తప్పులూ పట్టి జీతం తీసుకుంటున్నాను.

దిద్దేశాను కదా అని ఎదురుచూశాను కూడా. మొదటి నెలంతా రోజూ చూశాను. రాకపోయేసరికి, వాడికే అంత ఉంటే నాకెంత ఉండాలి అనుకున్నాను. మూడేళ్లు అలాగే అనుకున్నాను.

మార్చి 8

మెయిల్ కంపెనీవాళ్లని అడిగాను. మీరు దింపుకోగానే మా దగ్గర చెరిగిపోతాయి మేడమ్, మా చేతుల్లో ఏమీ లేదన్నారు.

సెట్టింగుల్లో ఎక్కడో పొరపాటుంది, సరిచేస్తే అన్నీ వస్తాయని మరదలికి చెప్పాను. నమ్మింది. ఈలోగా వాడి లాప్‌టాప్‌లో పంపినవి చూడమన్నాను. ఒక్కటీ లేదట. పంపినవి దాచకుండా సెట్ చేసుకున్నాడట, రాసింది మళ్లీ చదివితే సిగ్గేస్తుందని.

మార్చి 9, ఆదివారం

హాస్పిటల్‌కి వెళ్లాను. ఉన్నదున్నట్టు చెప్పేసి, అవసరమైతే కాళ్లు పట్టుకుందామని బస్సులో అనుకున్నాను. మంచం మీద వాడు ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. నన్ను చూడగానే పలక అందుకున్నాడు. చదివావా అని రాశాడు.

చదివానన్నాను.

అన్నీనా అని రాశాడు. అన్నీ అన్నాను. నూట యాభై ఆదివారాల్ని గోతిలో పోశానని ఆ మొహం చూస్తూ ఎలా చెప్పను?

వాడు పలక తుడిచి, మరదలికి కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి, మరి సరేనా అని రాశాడు.

దేనికి సరే? క్షమించమనా? అమ్మ విషయంలో అన్న మాట వెనక్కి తీసుకున్నాడా, లేక ఇంకా అదే మాట మీద ఉన్నాడా? నా చెయ్యి పట్టుకున్న వేళ్లు పుల్లల్లా ఉన్నాయి. సరేరా అన్నాను. కళ్లు మూసుకుని అలాగే నిద్రపోయాడు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

మార్చి 10

ఎనిమిదో లైను అసలు ఫైల్లో చెరిపాను.

మార్చి 14, ఉదయం 5

తమ్ముడు పోయాడు.

మార్చి 29

మరదలు ఫోన్ చేసింది. సామాను సర్దుతోందట. నా తర్వాత నీ మరదల్ని నీ దగ్గర ఉంచుకో అక్కా అని, జబ్బు తెలిసినప్పటినుంచీ వాడు నాకు రాస్తున్నాడట. నేను సరే అన్నానని, ఇదంతా ఆఖరి రోజే ఆమెకి పలక మీద రాసి చూపించాడట. అమ్మ గురించి ఏమైనా రాశాడా అని ఆమెని అడగలేను. అన్నీ చదివానన్నాను కదా.

ముందు గదిలో ఉండనా, వెనక గదిలోనా వదినా అని అడిగింది. వెనక గదికి పొద్దున్నే ఎండ వస్తుంది, అది తీసుకో అన్నాను.