నల్ల పిడి కత్తి ఎవరిది, వదినా?

వదినా,

బాగున్నావా? నోటి అలవాటు కొద్దీ అడిగేశాను. నువ్వు పోయి రేపటికి ఏడాది. అన్నయ్య జ్ఞాపకార్థ కూడిక పెట్టాడు. గోడ పక్కనే ఉన్న నాకు ఆ సంగతి షామియానా వేయడానికి వచ్చినవాళ్ళు చెబితే తెలిసింది... చూశావా నా బతుకు?

నీ మీద నాకు ఎంత కోపంగా ఉందో తెలుసా? కుట్టు మిషను తొక్కుతూ కూడా నీతోనే పోట్లాడుతుంటాను. అంత కోపం.

సూళ్లూరుపేట ఏమీ మారలేదు. మారిందంతా నా సంగతే. చర్చిలో నన్ను ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వడం లేదు. రొట్టె, ద్రాక్షారసం నా వరస దాకా వచ్చి నన్ను దాటి వెళ్ళిపోతాయి. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు సగం మంది మానేశారు. నా చేతి కుట్టు వేసుకుంటే ఏదో అవుతుందట! అన్నయ్య మన బ్లెస్సీని నా గడప తొక్కనివ్వడు. ఇంటరు చదివే పిల్ల, నా చేతి ముద్దలు తిని పెరిగిన పిల్ల, ‘అత్తా’ అనడానికి కూడా భయపడుతోంది.

ఇదంతా ఎవరి వల్ల? నీ వల్ల. నీ పెట్టె వల్ల.

తడలోని కంపెనీలో పనిచేసే రోజుల్లో ఫోనులో చూసి నేర్చుకున్నావు. విక్కా అన్నావు. దేవతకు, చంద్రుడికి, సముద్రానికి మొక్కే మతమట. నేను బెదిరిపోతే పకపకా నవ్వావు. “చేతబడి గాదుమే పిచ్చిదానా. ఎవురికీ చెడు చెయ్యగూడదు... దీంట్లో మొదటి మాటే అది.” నాకు నమ్మకం కుదరలేదు. కానీ షిఫ్టులతో నలిగిపోయిన నీ ముఖం ఆ సాయంత్రాల్లో తేటపడేది. నాకది చాలనిపించింది. అందుకే కావలసినవన్నీ తెచ్చిపెట్టాను. కొలిమిలో కత్తి చేయించింది నేను. మూడు కాళ్ళ ఇనుప గిన్నె కోసం అంగళ్ళన్నీ తిరిగింది నేను. జామకొమ్మ చెక్కి దండం చేసింది నేను. ఐదు కొనల చుక్క గీసిన రాగి పళ్ళెం... అదీ నేనే.

తెచ్చేదాకానే నేను. ఆ తర్వాత వేలు పెట్టనిచ్చావా? “నా వస్తువుల మీద ఇంకోళ్ళ చెయ్యి పడగూడదు, ఎడంగా ఉండు” అని కసిరేదానివి. ఆ నల్ల పిడి కత్తి పట్టుకుని మిద్దె మీద తూర్పుకు తిరిగి నిలబడేదానివి. దాని అంచులు రెండూ మొద్దే, నిమ్మకాయ కూడా తెగదు. “ఇది కోసేదానికి గాదుమే. గాల్లో గీత గీసేదానికి. మన చుట్టూ గుండ్రంగా గీసుకుంటే లోపలుండేవాళ్ళకి ఏం గాదు.” నన్ను కూడా లోపలే కూర్చోబెట్టుకునేదానివి కదా...

జబ్బు ముదిరాక చర్చి అయ్యగారు నీ కోసం ప్రార్థన చేయడానికి వచ్చిన రోజు గుర్తుందా? వెంట వచ్చిన ఆడవాళ్ళు దుప్పటి కోసమని మంచం కింది పెట్టె లాగారు. కత్తి, గిన్నె, దండం, రాగి పళ్ళెం, నువ్వు నీళ్ళు పోసి మొక్కే వెండి గ్లాసు... అన్నీ నేల మీదికి వచ్చాయి. అన్నయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. బ్లెస్సీ తలుపు దగ్గర నిలబడి ఉంది. అప్పటికి నీకు మాట పడిపోయిందనే అనుకున్నాం. ఎంత స్పష్టంగా చెప్పావు! “అవి నావి గాదు అయ్యగారూ. కరుణవి. దాచిపెట్టమనింది.”

కరుణవి!

ఏళ్ళ తరబడి వేలు తగలనివ్వనిదానివి, ఒక్క మాటతో అన్నీ నావి చేసేశావే! కత్తి ఎవరు చేయించారని అడిగితే కొలిమి అతను కూడా నన్నే చూపించాడు. అతని తప్పేముంది? ఆ మాట అనేసి, దుప్పటి కింద నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కావు. ఏమని వదినా? క్షమించమనా? నోరు మూసుకోమనా?

మూసుకున్నాను. నిజం చెబితే నిన్ను సమాధుల తోటలో పెట్టనివ్వరని నాకూ తెలుసు. నువ్వు పాటలతో, పూలతో దర్జాగా వెళ్ళిపోయావు. నేను జనం వెనక నిలబడ్డాను. తర్వాత దండం కాల్చి, మిగతావన్నీ పులికాట్ నీళ్ళలో విసిరేశారు. పళ్ళెం మీది చుక్క సాతాను గుర్తన్నారు. మొన్న క్రిస్మస్‌కు అలాంటి చుక్కే ప్రతి ఇంటి ముందూ వేలాడింది, అయ్యగారి వసారాలో కూడా. నాకు నవ్వొచ్చింది. కలిసి నవ్వడానికి నువ్వు లేవు.

ముందే నా చెవిలో ఒక్క మాట వేసి ఉంటే, అవి నావేనని నేనే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు. నన్ను అడగాలని కూడా నీకు అనిపించలేదా?

ఇక ఈ పొద్దుటి సంగతి. ఒక్కటి మాత్రం వాళ్ళకు చిక్కలేదు... నీ చీపురు. జామకర్రకు ఈతాకులు కట్టి మనిద్దరం చేసినది. బూజుకర్ర అనుకుని మూలనే వదిలేశారు. గీత గీసే ముందు దాంతో మిద్దె ఊడ్చేదానివి, నేలకు తగలకుండా, జానెడు పైన. “దుమ్ము గాదుమే నేను ఊడ్చేది. ఇంట్లో ఏడుపు.”

కూడిక కోసం బ్లెస్సీ వసారా శుభ్రం చేసింది. మామూలు చీపురుతో ఊడ్చి, నీళ్ళు చల్లి, లోపలికి వెళ్ళి ఆ చీపురు తెచ్చింది. నేను గోడ ఇవతల బట్టలు ఆరేస్తున్నాను. నీ బిడ్డ నేలకు జానెడు పైన గాలిని ఊడుస్తోంది వదినా! అచ్చం నీలాగే. అయిపోయాక కుచ్చు పైకి ఉండేలా తలుపు వెనక నిలబెట్టింది. తిరిగి చూస్తే ఎదురుగా నేను. కళ్ళు దించుకుంది.

అంటే దానికి తెలుసు. ఎప్పటి నుంచి? మిద్దె మెట్ల మీద నిలబడి చూసేదా? ఆ రోజు తలుపు దగ్గర నీ అబద్ధం విని, అది కూడా నోరు మూసుకుందా? ఏడాదిగా నన్ను అందరూ తిడుతుంటే వింటూ ఊరుకుందా?

దాని మీద కోపం తెచ్చుకోలేను. చచ్చిపోతున్న తల్లి మాటను ఏ పిల్ల కాదంటుంది? దాని వంతు కోపం కూడా నీకే.

రేపు కూడికకు వస్తాను. పిలవకపోయినా వస్తాను. అందరూ నిన్ను పొగుడుతారు, వింటాను. నీ పేరు మీద మచ్చ పడే మాట నా నోట రాదు. కానీ బ్లెస్సీ ఏ రోజైనా గోడ దాటి వచ్చి, ఆ కత్తి ఎవరిదత్తా అని అడిగితే మాత్రం... మీ అమ్మది అంటాను. నువ్వు అయ్యగారి ముందు చెప్పలేకపోయిన మాట, నీ బిడ్డకు నేనే చెబుతాను.

నీ ఆడపడుచు,
కరుణ