ముఖం లేని మరియమ్మ

అత్తా,

మీ ఏంజెల్ స్కూల్ బ్యాగులో పెట్టి ఈ ఉత్తరం పంపుతున్నాను. చదివి చింపెయ్. మమ్మీకి చెప్పకు, ప్లీజ్.

క్రిస్మస్‌కి చర్చిలో కట్టే తెర మీద బొమ్మ వెయ్యమని ఎలియేజరు అంకుల్ నాకు చెప్పారు కదా. లైబ్రరీ బుక్కులో పాతకాలం ఇటలీ పెయింటర్ వేసిన, మరియమ్మ ఒళ్ళో బాలయేసుని జ్ఞానులు చూడ్డానికొచ్చిన బొమ్మ చూసి వేశాను. ఆయన కూడా చర్చివాళ్ళు అడిగితే మొదలుపెట్టి, సగంలో వదిలేసి వేరే ఊరు వెళ్ళిపోయాడట.

మరియమ్మ కోసం దానమ్మక్కని కూర్చోబెట్టాను. వీసా ఇచ్చి ఇంటిపనికి తెచ్చుకున్న కఫీల్ ఇంట్లోంచి పారిపోయొచ్చి మా వెనక గదిలో దాక్కుంది కదా, అందుకే ముఖం వెయ్యలేదు. "అసలు బొమ్మ కూడా సగమే అంకుల్" అన్నాను. "దేవుడి పని కూడా హోంవర్కులాగే ఎగ్గొడతావేంటే!" అని నవ్వి, అలాగే కట్టించేశారు.

నిన్న ఆ కఫీల్ డ్రైవర్ కాలేబు చర్చికొచ్చాడు. బాలయేసుని ఎత్తుకున్న చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"పాపా, ఈ కాలిన మచ్చ ఎక్కడ చూశావు?"

అది వాళ్ళ మేడమ్ ఇస్త్రీపెట్టెతో పెట్టిన వాత. ముఖం దాచాను గాని, చెయ్యి ఉన్నదున్నట్టు వేసేశాను అత్తా. "పెయింట్ ఒలికింది అంకుల్" అన్నాను. ఆయన నమ్మలేదు.

ఈరోజే మావయ్యని పంపించి దానమ్మక్కని అరాద్‌లో మీ ఇంటికి తీసుకెళ్ళిపోండి. నాకు చాలా భయంగా ఉంది. అక్కకి ఇంకా చెప్పలేదు. ఈరోజైనా తన ముఖం వేస్తానని, పొద్దున్నే తల దువ్వుకుని కూర్చుంది.

నీ మేనకోడలు